ఊరికొక కవిలె
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము 25 సంవత్సరములు నిలిచినదన్న నది సామాన్య విషయము కాదు. కరువు నేలలో చెట్టు బ్రతుకుట యెంత కష్టమో, పల్లెలో పుస్తకశాల బ్రతుకుటయు నంత కష్టము. చందా యిచ్చినవారును, పుస్తకము తెచ్చి యిచ్చినవారును, వేళకు తలుపు తీసి కూర్చున్నవారును ప్రశంసార్హులు. ఐనను రజతోత్సవము ప్రశంసలకు మాత్రమే యేర్పడిన దినము కాదు. లెక్క చూచుకొను దినము కూడ. లెక్క చూచునప్పుడు జమ యొకవైపునను, బాకీ యొకవైపునను వ్రాయుట ధర్మము. జమ వైపున భారత భాగవతములు, ప్రబంధములు, నవలలు, దేశనాయకుల జీవితములు, వ్యవసాయ వైద్య గ్రంథములు గలవు. బాకీ వైపున నొక్క పద్దు మిగిలియున్నది. ఈ ఊరి సంగతి ఈ ఊరివారే వ్రాసిన పుస్తకము ఏ అలమారులో నున్నది? ఈ ప్రసంగమంతయు నా యొక్క పద్దును గూర్చియే.

మార్కాపురము పేరు చెప్పగానే దేశములో చదువుకొన్నవారికి స్ఫురించునది పలక. చెన్నకేశవస్వామి కొలువైన ఆ పట్టణము చుట్టుపట్ల పొరలు పొరలుగ దొరకు నల్లరాతిని త్రవ్వి, చీల్చి, నునుపుచేసి, కొయ్యచట్రములో బిగించి, రైలుబండ్లమీద దేశపు నలుమూలలకు పంపిరి. నోటుపుస్తకములును, ప్లాస్టికు పలకలును వచ్చి ఆ వ్యాపారము తగ్గిపోవువరకు, లక్షలకొలది బిడ్డలు తొలి అక్షరము దిద్దినది ఈ సీమ రాతిమీదనే. ఆ రాయి నేడు గోడలకును నేలకును పరచు అలంకారపు పలకలుగ విదేశములకు పోవుచున్నది. ఊరూరి అక్షరాభ్యాసమునకు పలక నిచ్చిన సీమ తన కథను మాత్రము తాను వ్రాసికొనలేదు. దీపము క్రింద చీకటి యనుట యిట్టి దానినే.

"వ్రాయుటకు మన పల్లెలలో నేమున్నది? సంస్కృతి యనిన హంపి, అమరావతి, శ్రీశైలము గదా!" అని కొంద రనవచ్చును. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత యిట్టి మనస్సును చూచియే పుట్టినది. ఈ మాటకు సమాధానము చెప్పుటకు దూరము పోనక్కరలేదు. గుండ్లకమ్మ యొడ్డున నడచిన చాలును.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరము ప్రాంతమున పుట్టి, కంభము చెరువును నింపి, మార్కాపురము సీమ దాటి, అద్దంకి ప్రక్కగ తూర్పునకు సాగి బంగాళాఖాతమున కలియును. గోదావరి కృష్ణలతో పోల్చిన చిన్న యేరు. ఎండకాలములో ఇసుకయే యేరు. ఐనను తెనుగు సాహిత్యమున కీ యేరు చేసిన యుపకారము చిన్నది కాదు. అద్దంకిలో దొరకిన పండరంగని శాసనము 848వ సంవత్సరపుదని చరిత్రకారులు నిర్ణయించిరి. అందు తరువోజ పద్యము గలదు. అనగా నన్నయభట్టు భారతము నారంభించుటకు సుమారు రెండు శతాబ్దములకు ముందే ఈ యేటియొడ్డున తెనుగు పద్యము రాతి కెక్కినది. తరువాత 14వ శతాబ్దిలో అద్దంకి రాజధానిగ ప్రోలయ వేమారెడ్డి పాలించినప్పుడు ఎఱ్ఱాప్రగడ ఆ కొలువున నుండెను. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును పూరించి మహాభారతము తెనుగున సమగ్రమగునట్లు చేసిన మహానుభావు డాయన. ఇటు పడమట త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారమని ప్రసిద్ధి చెందినది. అచట కాకతీయుల నాటి శాసనము లనేకము గలవు. ఆ స్వామిమీద రావిపాటి త్రిపురాంతకుడు ఉదాహరణ కావ్యమును చెప్పెను. ఇవి యన్నియు ఒక్క దినపు ప్రయాణములో చూడదగిన చోట్లు. వ్రాయుటకు విషయము లేదనుట సత్యము కాదు.

ఐతే వ్రాసినదానికిని, వ్రాయనిదానికిని గల భేద మెంతయో చూపుటకు రెండు చెరువుల కథ చాలును. కంభము చెరువు రెండు కొండల నడుమ గుండ్లకమ్మ కడ్డముగ చిన్న కట్ట పోసి నిర్మించిన మహాతటాకము. విజయనగర కాలములో, గజపతుల యింటి ఆడుబిడ్డయు రాయలవారి దేవేరియు నైన వరదరాజమ్మ దీనిని కట్టించినదని పెద్దలు చెప్పుదురు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో చేర్చిరి. అదే యేట చేర్చబడిన మరియొకటి కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు. పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు శాసనము గలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు, అనగా భవదూరుడు, దానిని వేయించెను. చెరువు కట్టుటకు కావలసిన 12 అంగము లేవి, చెరువున కుండరాని 6 దోషము లేవి, దినమునకు 1000 మంది కూలీలును, రాయి తోలుటకు 100 బండ్లును ఎట్లు పనిచేసినవి, పని రెండు సంవత్సరములలో ఎట్లు ముగిసినది అను సంగతులన్నియు నందు వ్రాయబడినవి. ఆరు వందల యేండ్లు గడచినను చెరువు కట్టుశాస్త్రము నేర్వగోరువా డా రాతిని చదివి నేర్చుకొనగలడు. కంభము చెరువునకు కథ మిగిలినది. పోరుమామిళ్ల చెరువునకు లెక్క మిగిలినది. కథయు విలువైనదే. కాని కథతోపాటు లెక్కయు నున్నచో, మట్టి మోసినవారి కష్టమునకు కొంతయైన సాక్ష్యము దక్కును.

ఈ సీమ చరిత్రము మరుగున పడుటకు మరియొక కారణము గలదు. 1800లో నైజామువారు దత్తమండలములను కుంఫిణీవారి కిచ్చిరి. అప్పుడు కంభము, మార్కాపురము ప్రాంతములు కడప జిల్లాలో చేరినవి. 1858లో కర్నూలు జిల్లాకు మారినవి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడగా నందు కలసినవి. 1972లో దానికి ప్రకాశం జిల్లా యని పేరు వచ్చినది. 2022లో మరల జిల్లాల హద్దులు కదలినవి. కడప చరిత్రము వ్రాయువారికి నల్లమల కావలి సీమ పరాయిదైనది. కర్నూలు చరిత్రము వ్రాయువారికి 1970 తరువాత పొరుగుదైనది. సముద్రపు టొడ్డున నున్నవారి కిది పడమటి అంచు. ఎవరి పుస్తకములోనైనను చివరి పుటలోని నాలుగు వాక్యములే దీని భాగము. ఇందులో ఎవరి దోషమును లేదు. అంచున నున్నవాడు తన కథను తానే చెప్పుకొనవలెనను న్యాయము మాత్రము దీనివలన తెలియుచున్నది.

ఇట్లు చెప్పుకొను పద్ధతి పూర్వులకు లేకపోలేదు. దానికే కవిలె యని పేరు. గ్రామ కరణములు తాటాకులమీద గంటముతో వ్రాసి యుంచిన కట్టలు కవిలెలు. నాటి వ్యవహారపు లెక్కలకు కడితములును గలవు. గుడ్డకు బొగ్గుపొడిని చింతగింజల జిగురుతో కలిపి పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టి, బలపముతో వ్రాయుచుండిరి. తుడిచి మరల వ్రాయవచ్చును. పలకకు అది పెద్దన్న వంటిది. కొన్ని యిండ్లలో గ్రామము పుట్టినది మొదలు రాజుల మార్పులు, దేవాలయ మాన్యములు, చెరువుల గండ్లు, కరువులు, కలహములు వరుసగ వ్రాసిన దండకవిలెలుండెడివి.

కాలిన్ మెకంజీ దొర 1783లో మన దేశమునకు వచ్చిన సర్వే యుద్యోగి. తరువాత 1815లో భారతదేశమున కంతకు సర్వేయరు జనరల్ ఐనాడు. భూమి కొలుచుటతో తృప్తిపడక, ఊరూరి వృత్తాంతము సేకరింపబూనెను. ఆయనకు దేశభాషలు రావు. ఆయన కన్నులును చెవులును ఐనవారు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు, బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొఱ్ఱయ్య 1803లో చిన్న వయసుననే మరణించెను. లక్ష్మయ్య ఆ పని కొనసాగించెను. వారి మనుష్యులు గ్రామములకు పోయి, కరణములను, అర్చకులను, వృద్ధులను అడిగి, కవిలెలు చూచి వ్రాయించిన వృత్తాంతములకే కైఫీయత్తులని పేరు. కైఫీయత్తు అనగా స్థితిగతుల వివరము. మెకంజీ 1821లో మరణించెను. శిథిలమగుచున్న ప్రతులను పిమ్మట సి.పి. బ్రౌను దొర శ్రద్ధతో కాగితములమీద వ్రాయించెను. ఇట్లు తెలుగుదేశపు పల్లెల నోటిమాట మదరాసు చేరి, గ్రంథాలయమున నిలిచినది.

ఈ కథలో మరువరాని ఘట్ట మొకటి గలదు. మెకంజీ పోయిన తరువాత ఆయన విడిచిన పనిని తాను నడుపుదునని లక్ష్మయ్య కోరెను. ఇరువది యేండ్లకు పైగా ఆ పనిలో నలిగిన మనుష్యుడు. 1836లో కలకత్తా పండిత సంఘమువారు ఆ కోరికను త్రోసిపుచ్చిరి. కూర్చుట మాత్రమే యిట్టివానికి చేతనగును గాని, విచారణ చేసి వ్రాయుట చేతగాదను భావము వారిది. ఆ దొరలు పోయిరి. ఆ భావము మాత్రము కొన్ని పల్లెలలో నింకను మిగిలియున్నది. ఊరి చరిత్రము వ్రాయుటకు విశ్వవిద్యాలయమునుండి యెవరో రావలెనని యెదురుచూచుట ఆ భావముయొక్క నీడయే. పండితులు రావలసినదే, వచ్చినప్పుడు వారికి చూపుటకు ఊరివారి చేతివ్రాత యొకటి సిద్ధముగ నుండవలెను.

కైఫీయత్తులలో నేమున్నది? ఊరి పేరు పుట్టిన కారణము, అడవి కొట్టి ఊరు కట్టినవారి వృత్తాంతము, దేవుడు వెలసిన కథ, ఏ రాజు కాలములో ఎవరి కే మాన్యము దక్కినది, చెరువు నెవరు త్రవ్వించిరి, పొలిమేర లెచ్చట, ఏ చేనిలో ఏ పైరు పండును, కొండలలో ఏ చెట్లు ఏ మృగములు గలవు అను సంగతులు గలవు. చరిత్రకారుడు శాసనముతో పోల్చి చూచినప్పుడు కొన్ని చోట్ల తేదీలు తప్పును. రాజుల వరుస తారుమారగును. ఇద్దరు రాజు లొక్కరై పోవుదురు. కావున కైఫీయత్తు కల్పన యని కొట్టివేయు వారును గలరు. అది న్యాయము కాదు. శాసనము రాజు చెప్పదలచినదానిని చెప్పును. కైఫీయత్తు ఊరు నమ్మినదానిని చెప్పును. ఊరు దేనిని నమ్మినదో తెలియుటయు చరిత్రమే.

దానిలోని అసలు లోపము వేరు. కైఫీయత్తు మాన్యము గలవాని చరిత్రము. కవిలె యెవరి చేతిలో నుండెనో వారి వంశము, వారి మిరాసీ వివరముగ నుండును. రాయి చీల్చినవాడు, కుండ చేసినవాడు, చెప్పు కుట్టినవాడు, నాట్లు వేసిన యాడుది, మందవెంట నడచిన కాపరి, కొండలలో తేనె తీసిన చెంచు, వీరికి దానిలో చోటు మిక్కిలి తక్కువ. పూర్వుల పద్ధతిని గౌరవించుట యనగా వారి లోపమును కూడ దిద్దుకొనుట. క్రొత్త కవిలె ఒక యింటిది కాకూడదు, ఊరందరిది కావలెను. ఏ వీధివారైనను వచ్చి కూర్చుండదగిన చోటు గ్రంథాలయ మొక్కటే గనుక, దాని నుంచదగిన చోటును గ్రంథాలయమే.

పాత పద్ధతి తెగిపోయి చాల కాలమైనది. 1984లో ప్రభుత్వము కరణము మునసబు పదవులను రద్దుచేసెను. వంశపారంపర్యముగ వచ్చిన అధికారము పోవుట చాలమందికి మేలు చేసినది. దానిని తప్పు పట్టవలసిన పని లేదు. కాని పదవితోపాటు, ఊరి వృత్తాంతమును చూచుకొను బాధ్యత కూడ ఎవరిదియు కాక పోయినది. పాత కట్టలు కొన్ని చెదల పాలైనవి. కొన్ని అటకలమీద మిగిలినవి. కొన్ని పొయ్యిలోనికి పోయినవి. 2019లో గ్రామ సచివాలయములు వచ్చినవి. భూమి విస్తీర్ణము, పింఛను, రేషను లెక్కలు యంత్రములో నున్నవి. ఆ చేనికి ఆ పేరేల వచ్చెనో చెప్పు లెక్క మాత్రము ఏ యంత్రములోను లేదు. అది ముసలివారి నోటిలో నున్నది. ఆ నోరు మూతపడిన దినమున అదియు పోవును.

నోటిమాట యెంత నిలువగలదో చూపుటకు కాటమరాజు కథ సాక్షి. 13వ శతాబ్దిలో కరువు వలన మేత కొఱకు ఆలమందలను తోలుకొని దక్షిణమునకు పోయిన గొల్లప్రభువు కాటమరాజు. నెల్లూరు మనుమసిద్ధితో పుల్లరి విషయమున కలహము పుట్టెను. ఖడ్గతిక్కన యుద్ధమున కూలెను. పాలేటి యొడ్డున పంచలింగాల వద్ద మహాయుద్ధము జరిగినదని కథ చెప్పును. ఈ పడమటి సీమలోని కరువు, వలస, మేత, పన్ను అన్నియు నా కథలో గలవు. కావ్యముగ గ్రంథస్థము కాకమునుపే శతాబ్దములపాటు దానిని బ్రతికించినవారు కొమ్ము ఊది పాడిన కొమ్ములవారు. చదువు రానివారి కంఠమే దానికి తాటాకు. 20వ శతాబ్దిలో తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఆ కథలను సేకరించి, పరిష్కరించి ప్రకటించిరి. పాడువా రింకను మిగిలియున్న కాలముననే ఆ పని జరిగినది గనుక ఆ కథలు దక్కినవి. అట్లు దక్కక పోయిన కథ లెన్ని గలవో లెక్క కట్టుట యెవరి తరము?

ఇక తొందరపడవలసిన కారణము నీటి రూపమున వచ్చినది. నాగార్జునసాగరము కట్టునప్పుడు 1954 మొదలు 1960 వరకు లోయలో త్రవ్వకములు జరిపి, ఇక్ష్వాకుల నాటి శిల్పములను, కట్టడములను కొండమీదికిని అనుపునకును చేర్చి కాపాడిరి. శ్రీశైలము జలాశయము నిండిన 1981 ప్రాంతమున కర్నూలు, మహబూబ్‌నగర్ సీమలలో సుమారు నూరు గ్రామములు ముంపునకు గురియైనవి. కొన్ని ప్రాచీన దేవాలయములను రాయి రాయిగ విడదీసి మెట్టకు మార్చి మరల కట్టిరి. రాయికి జరిగిన ఆ యుపచారము మాటకు జరుగలేదు. ఆ ఊళ్ల చేల పేర్లు, బావుల కథలు, నూర్పిళ్ల పాటలు, ఏ రేవులో ఎవరు నీరు ముంచుకొనెడివారో ఆ సంగతులు ఏ బండిమీదను ఎక్కలేదు. జనము నాలుగు దిక్కులకు చెదరగా జ్ఞాపకమును చెదరినది.

ఇప్పు డా ఘట్టము ఈ సీమ గడపలోనికే వచ్చినది. కొండను తొలిచి శ్రీశైల జలాశయపు నీటిని తెచ్చు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. పూల సుబ్బయ్యగారి పేర నున్న పథక మిది. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలకు కట్టలు వేసి యేర్పరచు నల్లమల సాగరము క్రింద సుంకేసుల, గుండంచెర్ల, గొట్టిపడియ మొదలైన ఊళ్లు ముంపు గ్రామములుగ గుర్తింపబడినవి. నీరు రావలసినదే. ఆ నీటికొఱకు ఈ సీమ తరములుగ ఎదురుచూచినది. త్రాగునీటిలో ఫ్లోరైడు వలన కీళ్లు వంగిన ముసలివారిని చూచినవా రెవ్వరును నీరు వద్దనరు. ఐనను ఇతరుల దాహము తీర్చుటకు తమ యిల్లు వాకిలి విడుచువారికి పరిహారపు సొమ్ము ఒక్కటే చెల్లు కాదు. వారి ఊరు ఊరుగ ఉండినదని చెప్పు నాలుగు పుటలు వ్రాసి యిచ్చుట పొరుగూళ్ల ధర్మము. తర్లుపాడు పొరుగూరే. ఇచటి గ్రంథాలయము ఆ పని చేసినచో, రజతోత్సవమునకు వేసిన పందిరి కంటె అది గొప్ప యలంకారము.

ఇంతవరకు ఎందుకు వ్రాయవలెనో చెప్పుట యైనది. ఇక నెట్లు వ్రాయవలెనో చెప్పవలెను. క్రొత్త కవిలెకు ఏడు పద్దులు చాలును.

మొదటిది పేర్లు. తర్లుపాడు అను పేరులోని "పాడు" శబ్దమును విని నవ్వువారు గలరు. ఊళ్ల పేర్లలోని పాడు శిథిలమను అర్థము గలది కాదు. నివాసము, ఊరు అను అర్థము గల పాత తెనుగు మాట. పెద్దారవీడు, అర్ధవీడులలోని "వీడు" పట్టణము, విడిది యను అర్థము గలది. రాచర్లలోని "చెర్ల" చెరువును తలపించును. ఇట్లు చుట్టుప్రక్కల ఊళ్ల పేర్లన్నియు వ్రాసి, పెద్దలు చెప్పు కారణమును ప్రక్కన వ్రాయవలెను. రెండవది పొలములు: ఏ చేనికి, ఏ మిట్టకు, ఏ డొంకకు ఏ పేరు. మూడవది నీరు: చెరువులు, కుంటలు, దిగుడుబావులు, వాగులు; ఏది యెప్పుడు నిండినది, ఎప్పుడు తెగినది, తూము ఎత్తుటకు ఎవరి వంతు. నాలుగవది గుడులు, దర్గాలు, చర్చీలు, జాతరలు, పీర్ల పండుగ, ఏ ఊరేగింపులో ఎవరి యింటివారి పని యేది.

ఐదవది చేతిపనులు. రాతిగనిలో పొరను చూచి ఉలి పెట్టు నేర్పు, ఆ పనిముట్ల పేర్లు, చట్రము బిగించిన ఆడువారి కూలి, రాతిదుమ్ము పీల్చి జబ్బుపడినవారి బాధ, ఇవి వ్రాయవలెను. పలక పోవుటతో ఆ మాటలును పోవుచున్నవి. ఆరవది పాటలు, కథలు, సామెతలు. తిరుగలి పాట, జోలపాట, నాటు పాట, పెండ్లిలో ఎగతాళి పాట, వానకొఱకు కప్పతల్లికి పాడు పాట ఆడువారి నోటినుండి వ్రాసికొనవలెను. ఏడవది కష్టకాలములు. 1876 నుండి 1878 వరకు సాగిన ధాత కరువులో కర్నూలు జిల్లా మిక్కిలి నష్టపడినది. ఈ సీమ అప్పు డా జిల్లాలోనిదే. ముత్తవ్వలు చెప్పిన కరువు మాటలు కొన్ని యిండ్లలో నింకను దొరకవచ్చును. ఆ తరువాతి కరువులు, గాలివానలు, పని వెదకికొని గుంటూరుకును, బెంగుళూరుకును పోయిన వలసలు కూడ వ్రాయవలెను.

ఏడు పద్దులకు నియమములు నాలుగు. చెప్పినవారి పేరు, వయస్సు, చెప్పిన తేదీ తప్పక వ్రాయవలెను, కాని వారి సమ్మతి లేక పేరు వ్రాయరాదు. చెప్పిన మాటను దిద్దరాదు. ఊరి యాసలో చెప్పిన యాసలోనే వ్రాయవలెను. గ్రంథభాష ఉపోద్ఘాతమున కుండవచ్చును, సాక్ష్యమున కుండరాదు. ఒక సంగతికి రెండు కథలున్న రెంటిని వ్రాయవలెను. ఏది నిజమో తీర్పు చెప్పు పని కవిలె వ్రాయువానిది కాదు. వ్రాసినది ఊరిలో చదివి వినిపించి, తప్పున్న సవరణను క్రింద వ్రాయవలెను గాని, మొదటిదానిని చెరిపివేయరాదు. లెక్కపుస్తకములో కొట్టివేతకు చోటు లేదు. ఎదురు పద్దునకే చోటు.

ఈ పని కష్టమైనది కాదు. నేడు చేతిఫోను లేని యిల్లు అరుదు. అవ్వ పాడినప్పుడు మనుమడు ధ్వనిని పట్టి యుంచవచ్చును. తరువాత తీరికగ వ్రాయవచ్చును. బడిపిల్లలకు సెలవులలో ఇద్దరిద్దరికి ఒక్కొక్క వీధిని అప్పగింపవచ్చును. మూడు ప్రతులు తీసి, ఒకటి గ్రంథాలయమునను, ఒకటి బడిలోను, ఒకటి పంచాయతీ కార్యాలయమునను ఉంచవలెను. ఫోనులోని మాట ఫోను పగిలిన దినమున పోవును. మూడు చోట్ల కాగితము మీద నున్న మాట అంత తేలికగ పోదు.

గ్రంథాలయమునకు ఈ పని యేమి సంబంధమని యెవరైన అడిగినచో, ఉద్యమపు మొదటి దినములను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మహాసభను జరిపిరి. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆ యుద్యమమునకు దీర్ఘకాలము నాయకత్వము వహించిరి. పల్లె గ్రంథాలయము పుస్తకము లెరువిచ్చు అంగడి మాత్రమే కావలెనని వా రెన్నడును తలపలేదు. వయోజనులకు అక్షరము నేర్పు బడి, వార్త చదివి వినిపించు రచ్చ, ఊరు తన్ను తాను తెలిసికొను చోటు కావలెనని వారి యుద్దేశము. 1960 నాటి గ్రంథాలయ చట్టము వలన జిల్లా గ్రంథాలయ సంస్థలకు పన్ను ద్వారా ధనము సమకూరినది. ధనము పుస్తకములు కొనిపెట్టును. ఊరి పుస్తకమును కొనిపెట్టు అంగడి మాత్రము ఎచ్చటను లేదు; దానిని ఊరే వ్రాసికొనవలెను.

కావున ఈ సభవారికి చేయు విన్నప మొక్కటే. రజతోత్సవ సంఘము రద్దగుటకు ముందే ఒక మంచి దళసరి కాగితపు పుస్తకమును కుట్టించి, మొదటి పుటలో ఊరి పేరును, నేటి తేదీని వ్రాసి, గ్రంథాలయపు బల్లమీద ఉంచవలెను. రెండవ పుట ఊరిలో అందరికంటె పెద్ద వయసు గలవారిది కావలెను; వారు ఏ వీధివారైనను సరే. రాలేనివారి యింటికి పుస్తకమే పోవలెను. స్వర్ణోత్సవమునకు మరి 25 సంవత్సరములు గలవు. పుస్తకము నిండుటకు ఆ కాలము చాలును. చెప్పవలసినవారిలో చాలమందికి మాత్రము అంత కాలము లేదు. కావున రేపు ప్రొద్దుననే ఆరంభించుట మంచిది.

శుభమ్.